రవ్వంత జరుగు మామా

ఏజెంట్ ఆదినారాయణను గండికోట కొండమీంచి పెన్నలోకి తోసేసి ఆరు నెలలైంది. తోసినవాడు ఒక విదేశీ ముఠా నాయకుడు, కోడ్ నేమ్ ‘గద్ద’. వాడి అసలు ముఖం ఎవరూ చూడలేదు.

“వాడు ప్రాణాలతో కావాలి,” అన్నాడు గూఢచారి శాఖ చీఫ్.

అదే శాఖ ఏజెంటు పార్థసారథి సరేనన్నాడు గానీ లోపల పళ్లు నూరుకున్నాడు. ఆదినారాయణ, అతనూ పదేళ్లు ఒకే కంచంలో తిన్నవాళ్లు.

1958. ప్రొద్దుటూరు పార్కు. హాస్యరచయిత కోదండపాణి జయంతి. పదింటికి ఆనకట్టల చీఫ్ ఇంజనీరు వచ్చి విగ్రహానికి దండ వేస్తాడు. అక్కడే టైమ్ బాంబు పెడతారని మైమూన్ కబురంపింది. ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్ ఆమె. ఆ కళ్లకు పడిపోయినవాళ్లంతా ఇప్పుడు జైల్లో ఉన్నారు. గద్ద ఏ వేషంలో వస్తాడో మాత్రం ఆమెకూ తెలియదు.

విగ్రహమంటే నిలువెత్తు బొమ్మ కాదు. సిమెంటు బెంచీ మీద ముప్పాతిక జాగా ఆక్రమించి, చెప్పులు విడిచి, బాసింపట్టు వేసుకుని నవ్వుతుంటాడా మహానుభావుడు. మిగిలిన పావు జాగాలో కూర్చోవాలంటే తహసీల్దారైనా సరే, “రవ్వంత జరుగు మామా” అని అడగాల్సిందే. అది ఊరి ఆనవాయితీ.

పార్థసారథి చెనక్కాయల గంప ముందు కూర్చున్నాడు. కాయల కింద పిస్టల్. పెద్దముడియం రైతొకడు వచ్చి, మామను అడిగి కూర్చుని వెళ్లాడు. టీచరు యశోదమ్మా అంతే.

తొమ్మిదీ యాభైకి పులివెందుల మాస్టారొకడు వచ్చాడు. ఖద్దరు చొక్కా, గొడుగు, టిఫిన్ క్యారియర్. “ఏమప్పా, ఎండ శానా ఉండాదే,” అన్నాడు. యాసకు వంక పెట్టలేం. నేరుగా పోయి బెంచీ మీద కూలబడ్డాడు. మామను అడగలేదు.

వీడే గద్దని పార్థసారథికి తెలిసిపోయింది. క్యారియర్‌ను బెంచీ కిందికి నెట్టి లేవబోతున్న గద్ద చేతికి ఒక బేడీ, సిమెంటు మామ చేతికి రెండోదీ పడ్డాయి. మైమూన్ జనాన్ని గేటు బయటికి తరిమింది.

పిస్టల్ గురిపెట్టి పార్థసారథి పక్కనే నిలబడ్డాడు. “పెట్టినోనివి నువ్వే. తియ్యి.”

“పేలితే నువ్వూ చస్తావు.”

“ఆదినారాయణ పోయిన్నాడే సగం సచ్చినా. మిగిలిన సగానికి భయం లేదు.”

అది ఉత్త బెదిరింపు కాదని గద్దకు అర్థమైంది. చెమటలు కక్కుతూ ఒంటిచేత్తో క్యారియర్ మూత తీసి వైరు లాగాడు. గడియారం పదికి ఒక్క సెకను ముందు ఆగింది.

పార్థసారథి వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే ఉంది. కాల్చేస్తే క్షణంలో పోతాడు. వీడికి అంత సుఖమైన చావెందుకు? పార్థసారథి పిస్టల్ దించాడు.

జీపు వెనక సీటంతా పరుచుకుని కూలబడ్డాడు గద్ద. పార్థసారథి తలుపు దగ్గర ఆగాడు.

“రవ్వంత జరుగప్పా,” అన్నాడు. “ఈడ అడిగే కూర్చుంటాం.”