తేటపడిన సీసా

ప్రొఫెసర్ శేషగిరి పెట్టె తెరిచేసరికి సీసా లేదు.

స్పాంజిలో సీసా పట్టేంత గుంట మాత్రం మిగిలింది. ఆయన ఆ గుంటలో వేలు పెట్టి తడిమారు. తర్వాత పక్కనున్న కుర్చీలో నెమ్మదిగా కూర్చున్నారు.

2008 జూలై. టెక్సస్‌లోని ప్లేనోలో ఒక హోటల్. లిక్విడ్ క్రిస్టల్స్ మీద జాతీయ సదస్సు. టీవీ తెరల్లో, సెల్‌ఫోన్ తెరల్లో వాడేది ఆ పదార్థమే. అందులో కొత్త రకం ఒకటి శేషగిరి తయారుచేశారు. సగం కరెంటుతో పనిచేస్తుందని సదస్సంతా చెప్పుకుంటున్నారు. సాయంత్రం ఆయన ప్రసంగం. శాంపిల్ మొత్తం ఆ బొటనవేలంత సీసాలోనే ఉంది.

ఆయనకు ఇదే చివరి సదస్సు. పాంక్రియాస్‌లో కేన్సర్. దసరా దాకా ఉంటారని డాక్టర్లు కూడా చెప్పలేదు.

మధ్యాహ్నం డిటెక్టివ్ జితేందర్ వచ్చాడు. కరీంనగర్‌లో పుట్టి, పదేళ్లప్పుడు అమెరికా వచ్చినవాడు. తెలుగువాళ్ల కేసు కదా అని పైవాళ్లు అతన్నే పంపారు.

“సీసా చివరిసారి చూసిందెవరు?”

“నిశాంత్. ప్రొఫెసర్ గారి పీహెచ్‌డీ స్టూడెంట్,” అన్నాడు రాజ్. న్యూజెర్సీలోని పార్సిప్పనీలో ఒక కంపెనీ మనిషి రాజ్. ఈ రీసెర్చ్‌ని స్పాన్సర్ చేసింది ఆ కంపెనీయే. పోలీసులకు ఫోన్ చేసింది అతనే. “ఎవడికో అమ్మేసి ఉంటాడు. అరెస్ట్ చేయండి.”

నిశాంత్ సన్నగా ఉన్నాడు. చొక్కా జేబుకి బ్యాడ్జ్ వంకరగా వేలాడుతోంది.

“పొద్దున ఎనిమిదికి కారు పార్క్ చేశాను సార్. పెట్టె తెచ్చి టేబుల్ మీద పెట్టాను. అప్పుడు సీసా ఉంది.”

“తర్వాత?”

“ఇక్కడే మా రీసెర్చ్ పోస్టర్ దగ్గర నిలబడ్డాను. వచ్చినవాళ్లందరికీ ఎక్స్‌ప్లెయిన్ చేస్తూనే ఉన్నాను.”

“బయటికి పోలేదా?”

“లేదు సార్. లంచ్‌కి కూడా వెళ్లలేదు.”

“కారు కీస్?”

“బ్యాగ్‌లో. టేబుల్ కింద ఉంది.”

హాల్లో ఉన్నవాళ్ల బ్యాగులన్నీ చూడటం మొదలుపెట్టారు. ఒక్కొక్కటీ తెరిపించి, అడుగుదాకా వెతుకుతున్నారు. సగం వరుసలు అయ్యేసరికి ఒకావిడ జితేందర్ దగ్గరికొచ్చింది. త్రివేణి. ప్రొఫెసర్ గారి ఒక్కతే కూతురు. ఆయన ల్యాబ్‌లోనే పనిచేస్తుంది. ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు కాస్త తడబడుతుంది.

“నిశాంత్ కారు చూశారా? ప్లీజ్. ఇప్పుడే చూడండి. లేట్ చేయొద్దు.”

నిశాంత్ తాళం చెవి ఇచ్చాడు. “చూసుకోండి సార్. నా దగ్గర ఏముంది?” అన్నాడు.

పార్కింగ్ లాట్‌లో చెట్టన్నది లేదు. కారు తలుపు తెరిస్తే పొయ్యి మూత తీసినట్టు సెగ కొట్టింది. జితేందర్ గ్లవ్స్ వేసుకుని డాష్‌బోర్డ్ అర తెరిచాడు. టిష్యూ పేపర్లో చుట్టి ఉంది సీసా. లోపల పాలలాంటి తెల్లటి ద్రవం.

కేసు తేలిపోయిందనుకున్నాడు.

బేడీలు వేసి నిశాంత్‌ని లాబీలోంచి నడిపించాడు. కాఫీ కప్పులు పట్టుకున్న సైంటిస్టులు పక్కకి జరిగారు.

“వదిలేయండి అతన్ని,” అన్నారు శేషగిరి. “సీసా దొరికింది కదా. నాకేం కంప్లయింట్ లేదు.”

“మా కంపెనీకి ఉంది,” అన్నాడు రాజ్.

నిశాంత్ వెనక్కి తిరిగాడు. “త్రివేణక్కా! నువ్వైనా చెప్పు.”

త్రివేణి గోడవైపు చూస్తూ నిలబడింది.

బయట జితేందర్ సీసా ఉన్న కవర్‌ని తన కారు బానెట్ మీద పెట్టాడు. నిశాంత్ జేబులు తడిమాడు. వస్తున్నానని రేడియోలో స్టేషన్‌కి చెప్పాడు. కవర్ తీయబోతూ ఆగిపోయాడు.

సీసాలో తెలుపు లేదు. నీళ్లలా తేటగా ఉంది.

“ఇదేంది? ఇట్లెట్లయింది?”

చేతులు వెనక్కి ఉండగానే నిశాంత్ వంగి చూశాడు. “ఏం కాలేదు సార్. వేడెక్కింది. నలభై డిగ్రీలు దాటితే మామూలు ద్రవం అయిపోతుంది, ఇలా. చల్లారితే మళ్లీ తెల్లబడుతుంది. కానీ ఎక్కువసేపు కాలితే పాడైపోతుంది. నీడలో పెట్టండి సార్, ప్లీజ్.”

జితేందర్ కవర్‌ని అరచేతి నీడలోకి తీసుకున్నాడు. అవతలి వరుసలో నిశాంత్ కారు పొద్దుటి నుంచి ఎండలో మాడుతోంది.

“నేను తీసినప్పుడు తెల్లగుండె.”

నిశాంత్ తలెత్తాడు. “నా కారులోనా? అలా ఉండదు సార్. పొద్దున పెట్టి ఉంటే ఎప్పుడో తేటపడేది. ఎవరో అప్పుడే...” అని ఆగాడు. “నా కారు చూడమని మీకు ఎవరు చెప్పారు?”

జితేందర్ బేడీలు విప్పాడు.

“నా వీసా సార్? యూనివర్సిటీకి తెలిసిపోయిందా?”

“నీ పేరు ఇంకా ఎక్కడా ఎక్కలే, తమ్మీ. లోపలికి రా.”

హోటల్లో ఒక చిన్న గది. ప్రొఫెసర్, త్రివేణి, రాజ్, నిశాంత్.

“ఈ సీసా కారులో చేరి కొన్ని నిమిషాలే అయింది,” అన్నాడు జితేందర్. “లేకుంటే నాకు తెల్లగా దొరికేది కాదు. తీసినప్పుడు చల్లగానే ఉండుంటది. గ్లవ్స్ వల్ల నాకు తెలవలేదు. అప్పటిదాకా ఇది ఏసీ హాల్లోనే ఉంది. ఎవరిదో బ్యాగులో.”

“నా వైపు చూడకండి,” అన్నాడు రాజ్. “ఆ టైంలో నేను పక్క హాల్లో స్టేజ్ మీద పేపర్ చదువుతున్నాను.”

“తెలుసు. నిశాంత్ పోస్టర్ దగ్గర నుంచి కదలలేదు. ప్రొఫెసర్ గారు కుర్చీలోంచి లేవలేదు.” జితేందర్ తిరిగాడు. “త్రివేణి గారూ, సీసా కారులో ఉందని మీకెట్ల తెలుసు? లేట్ చేయొద్దని ఎందుకన్నరు?”

ఆమె జితేందర్ చేతిలోని సీసా వైపు చూసింది.

“ఎండలో ఉంటే పాడైపోతుంది,” అంది. “నాన్న శాంపిల్ అది.”

అంతే. ఇంక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఏడుస్తూనే చెప్పింది. ఆ పదార్థం పనిచెయ్యదు. వెలుతురు తగిలిన రెండు వారాలకే విరిగిపోతోంది. టెస్టులు తనే చేసింది. నాన్నకి చెప్పలేకపోయింది. ముప్ఫై ఏళ్ల పని. ఇంకొన్ని నెలల ప్రాణం. స్టేజ్ మీద ఎవరో లేచి అడిగితే?

“సీసా లేకపోతే డెమో ఉండదు, ప్రశ్నలూ ఉండవు. నాన్న గెలిచినట్టే ఉండిపోతారు అనుకున్నాను. తర్వాత మీరు బ్యాగ్స్ ఓపెన్ చేయడం స్టార్ట్ చేశారు. భయమేసింది. టేబుల్ కింద అతని బ్యాగ్‌లో కీస్ కనిపించాయి. సీసా కారులో పెట్టొచ్చి, కీస్ మళ్లీ అక్కడే పెట్టేశాను.”

నిశాంత్ ఆమెనే చూస్తున్నాడు. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం ఆ ఇంట్లోనే అతని భోజనం.

“నా కారే దొరికిందా అక్కా?”



శేషగిరి కూతురి తల మీద చెయ్యి వేశారు.

“నాకు తెలుసమ్మా,” అన్నారు. “నీ టెస్టుల రిజల్ట్స్ చూసి నెల కిందటే నిశాంత్ చెప్పాడు. చెప్పాలో వద్దో తెలియక గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు పాపం. ఇవాళ నేను చెప్పాలనుకున్నది అదే. ఈ దారి పనికిరాదని. నా వెనక వచ్చే పిల్లలు ఇందులో పదేళ్లు పోగొట్టుకోకూడదని.”

“మరి నాకెందుకు చెప్పలేదు నాన్నా?”

“నువ్వు బాధపడతావని.”

గదిలో ఎవరూ ఎవరి మొహం చూడలేకపోయారు. కాసేపటికి రాజ్ లేచి, కంప్లయింట్ వెనక్కి తీసుకుంటాననకుండానే, చప్పుడు కాకుండా తలుపు వేసి వెళ్లిపోయాడు.

శేషగిరి నిశాంత్ వైపు తిరిగారు. “నువ్వే తీశావనుకున్నాను నాయనా. నా పరువు కోసం దాచావేమోనని. అందుకే వదిలేయమన్నాను. నువ్వు తియ్యలేదని మాత్రం అనలేకపోయాను. క్షమించు.”

నిశాంత్ తల ఊపాడు. క్షమించాడో లేదో ఆ ఊపులో తెలియలేదు.

“డిటెక్టివ్ గారూ, ప్రసంగం అయ్యేదాకా మా అమ్మాయిని ఇక్కడే ఉండనిస్తారా?”

“ఉండనిస్త సార్.”

సాయంత్రం హాలు నిండింది. త్రివేణి చివరి వరుసలో కూర్చుంది, పక్కన జితేందర్. శేషగిరి కుర్చీలో కూర్చునే మాట్లాడారు. చివర్లో, “ఇది పనిచెయ్యదు,” అన్నారు. ఎలా పనిచెయ్యదో తీరిగ్గా చెప్పారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరుసలో ఒక ముసలి సైంటిస్టు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

తర్వాత ఆ సైంటిస్టే లేచి అడిగాడు. “విరిగిపోవడం ఎన్నో రోజు మొదలైంది?”

“ఆ టెస్టులు చేసింది మా అమ్మాయి,” అన్నారు శేషగిరి. చూపు సరిగా ఆనక, వరుసల మీదుగా వెతుక్కుంటూ. “నాకంటే తనే బాగా చెబుతుంది. త్రివేణీ, లేచి చెప్పమ్మా.”

ఆమె లేచింది. మొదట ముందు కుర్చీ వీపు పట్టుకుంది. తర్వాత చెప్పింది. ఒక ప్రశ్నకి ఇంకో ప్రశ్న వచ్చింది. అన్నిటికీ చెప్పింది. స్టేజ్ మీద శేషగిరి తల ఊపుతూ వింటున్నారు, పాఠం అప్పజెప్పించుకుంటున్నట్టు. నిశాంత్ మాత్రం అప్పటికే వెళ్లిపోయాడు. పోస్టర్ కూడా విప్పుకోలేదు.

ప్రశ్నలు అయిపోయాయి. త్రివేణి జితేందర్ వైపు తిరిగింది.

“బయటికి వెళ్లాక వేయండి బేడీలు. ఇక్కడైతే నాన్న చూస్తారు.”

“వెయ్యను,” అన్నాడు జితేందర్. “నడువమ్మా.”

పక్క తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె ఒక్కసారి వెనక్కి చూసింది. శేషగిరి ఇంకా స్టేజ్ మీదే ఉన్నారు. చుట్టూ మూగిన కుర్రవాళ్లలో ఎవరికో ఏదో చెబుతూ, మధ్యలో తలెత్తి, చివరి వరుసలో ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూశారు.