వెళ్తానే

ఆ రోజు మధ్యాహ్నం సౌదీలోని ఖోబర్‌లో ఇసుక గాలి లేచింది. ఐదో తరగతి కిటికీలన్నీ పసుపు నీళ్ళు చల్లినట్టయ్యాయి. సరళ టీచర్ లైట్లు వేసి, “డ్రామా పీరియడ్ మాత్రం మానేది లేదు,” అన్నారు.

ఆట పేరు ‘లోపలి మాట’. టీచర్ ఒకరి చెవిలో ఒక రహస్యం చెబుతారు. వాళ్ళు దాన్ని బయటపెట్టకుండా మామూలు మాటలే మాట్లాడాలి. ఆ మాటల వెనక ఏముందో మిగతావాళ్ళు కనిపెట్టాలి.

చరిత వంతు వచ్చింది. తలుపు దగ్గర నిలబడి, స్నేహితురాలు భవిత వైపు చూసింది.

“వెళ్తానే,” అంది.

ఆ గొంతు చరితది కానట్టే ఉంది. భవితకు ఒళ్ళు జలదరించింది. మన ఇళ్ళలో గడప దాటుతూ ‘వెళ్ళొస్తాను’ అంటారు గాని, ‘వెళ్తాను’ అని ఎవరైనా అంటారా?

భయం దాచుకోవడానికి భవితకు వెటకారమే దొరికింది. “దీనికి దయ్యం పట్టింది టీచర్!” అని అరిచింది. క్లాసంతా పగలబడి నవ్వింది.

టీచర్ నవ్వలేదు. “సంచిలో పిల్లికూన దాచావని కదా నేను చెప్పింది, చరితా?” అన్నారు.

చరిత తల దించుకుంది.

సాయంత్రమైనా గాలి తగ్గలేదు. భవిత వాళ్ళింట్లో ఏసీ సందులోంచి ఎవరో మూలుగుతున్నట్టు ఒకటే రొద. పైన చరిత వాళ్ళ ఫ్లాట్‌లో ఏదో ఈడుస్తున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ మొదలైంది. భవితకు హోంవర్క్ సాగలేదు. ‘వెళ్తానే’ అన్న మాట చెవిలోంచి పోతేగా!

గుండె చిక్కబట్టుకుని మెట్లెక్కింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల పరదాల్లేవు, సోఫాల్లేవు. బోసి గోడల మీద ఎర్రటి వెలుగు పడుతోంది.

“చరితా!” అని పిలిస్తే తన గొంతే తిరిగొచ్చింది.

మూలన అట్టపెట్టె మీద చరిత కదిలింది. “కంపెనీ వాళ్ళు నాన్న వీసాకి ఖురూజ్ కొట్టేశారే. ఫైనల్ ఎగ్జిట్. ఇండియా వెళ్ళిపోతున్నాం, ఇంక రాం. ఎవరికీ చెప్పొద్దంది అమ్మ.”

లోపలి గదిలో వాళ్ళ నాన్న ఇంకో పెట్టె ఈడ్చారు.

భవితకు ఏడుపొచ్చింది. చరితను చూసి అందరూ నవ్వేలా చేసింది తనే. సారీ చెబుదామని నోరు తెరిచింది.

“అన్నం తిన్నావా?” అంది.

చరిత భవిత ముఖంలోకి చూసింది. “లేదు,” అంది మెల్లగా.

భవిత కిందికి పరుగెత్తి పప్పన్నం కంచం తెచ్చింది. పెట్టె మీదే పక్కన సర్దుకుని కూర్చుంది. కిటికీ బయట గాలి మళ్ళీ మూలిగింది. ఈసారి దయ్యం ఊసు ఎవరూ ఎత్తలేదు.

సగం తిన్నాక చరిత, “వెళ్ళొస్తానే,” అంది.

“ఊఁ. తిను,” అంటూ భవిత కంచాన్ని అటు జరిపింది.