ఎడమ జేబు

బర్ దుబాయ్‌లో మధ్యాహ్నం దుకాణాలన్నీ మూసేస్తారు. ఆ ఎండలో వీధిలో పిల్లి కూడా తిరగదు. పెద్దిరాజు మాత్రం షట్టరు సగానికి దించుకుని లోపల పని చేసుకుంటాడు. కాసెట్ల కాలం వచ్చినా, పాత వాల్వు రేడియో సెట్లకి ప్రాణం పొయ్యాలంటే ఈ ఊళ్ళో తనొక్కడేనని ఆయన నమ్మకం. కాదన్నవాడితో మళ్ళీ మాట్లాడింది లేదు.

వెంకట్రావుతో అలాగే మానేశాడు. వాడికి పని నేర్పింది తనే. కరెంటున్న సెట్టులో కుడిచెయ్యి పెడితే ఎడమచెయ్యి జేబులో ఉండాలిరా, రెండూ తగిలితే కరెంటు గుండెలోంచి పోతుందిరా అని చెప్పిందీ తనే. వాడు నలుగురిలో నవ్వాడు. "గురువుగారు జేబులో తాయెత్తు దాచుకున్నారు!" అని, పక్క సందులో వేరే దుకాణం పెట్టాడు. పోయిన నెల ఓ సెట్టు మీదే పోయాడు. రెండు చేతులూ లోపలే ఉన్నాయట. పెద్దిరాజు చూడ్డానికి కూడా వెళ్ళలేదు.

ఆ రోజు గాలిదుమారం. అరబ్బు ఇంట్లో వంట చేసే రాజోలు మనిషి హుస్సేనమ్మ, డ్రైవరు చేత ఓ బరువైన యాంప్లిఫైరు దింపించింది.

"వెంకట్రావు పోయింది దీని మీదే అన్నా. పారేద్దామంటే మా యజమాని బాబా వినడు. నువ్వైనా వద్దని చెప్పెయ్యి."

"వాడి చేతకానితనానికి సెట్టేం చేస్తుందమ్మా? నాలుగింటికి రా. పాడించి ఇస్తాను."

ఆమె వెళ్ళింది. పెద్దిరాజు మూత విప్పి, అలవాటు ప్రకారం ముందు, కరెంటు నిలవుండే కండెన్సరు దగ్గర మీటరు పెట్టాడు. నెల్లాళ్ళుగా ప్లగ్గు తగలని సెట్టు.

ముల్లు లేచింది.

ఎవరో ఇప్పుడే ఆపి లేచిపోయినట్టు... లోపల కరెంటు నిలవుంది.

ఆ కరెంటు జాగ్రత్తగా దింపేశాడు. పాడైన కండెన్సరు మార్చాడు. సీరీస్ బల్బు మీదుగా కరెంటిచ్చాడు. లోపల షార్టుంటే ఆ బల్బు భగ్గుమంటుంది, బాగుంటే మందగిస్తుంది. బల్బు వెలిగి, నెమ్మదిగా మందగించింది. వాల్వులు ఎర్రబడ్డాయి. కాలిన దుమ్ము వాసన. దాని వెనకే సంపెంగ నూనె వాసన. వెంకట్రావు తలకి రాసుకునేది.

దుమారానికి బయట పగలే చీకటి కమ్మింది.

ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని, కుడిచేత్తో మీటరు పుల్ల లోపలికి దించాడు.

జేబులో... వేళ్ళు.

చల్లటివి. తన వేళ్ళ సందుల్లోకి ఒక్కొక్కటే దూరి, బిగుసుకున్నాయి.

"తియ్యండి గురువుగారూ..." చెవి పక్కనే గుసగుస. "తాయెత్తు చూపించండి..."

చేతిని బయటికి లాగుతున్నాయి. మణికట్టు బయటపడింది. సెట్టు వైపు... ఇంకొంచెం...

కాలితో వైరు తన్నాడు. గోడలోంచి ప్లగ్గు ఊడింది. బల్బు ఆరింది.

చెయ్యి మళ్ళీ జేబులోకి జారింది. పట్టు మాత్రం వదల్లేదు. ఒంటిచేత్తోనే కండెన్సరు కరెంటు దింపి, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

షట్టరు లేచింది. హుస్సేనమ్మ, వెనక డ్రైవరు.

"పాడిందా అన్నా?"

"తీసుకుపో."

"అదేంటి, అంత గొప్పగా చెప్పావ్! సరే, ఓ చెయ్యి వెయ్యి." కుడిచెయ్యి ఒక్కటే వేశాడు. "రెండోది కూడా పెట్టన్నా. జేబులో అంత భద్రంగా ఏం దాచావ్?"

"ఏం లేదు."

కారు వెళ్ళిపోయింది. సెట్టుతోపాటు వాడూ పోయుంటాడనుకున్నాడు. మెల్లగా చెయ్యి పైకి లాగి చూశాడు.

వేళ్ళు ఇంకాస్త బిగిశాయి.

వెనక ఖాళీ బల్ల మీద, ప్లగ్గు ఊడిన సీరీస్ బల్బు భగ్గుమంది.