పద్దెనిమిదో మంచం

పొద్దున ఆరింటికి రేచల్ ఎప్పటిలాగే ఒకటో మంచం దగ్గర పని మొదలుపెట్టింది. ఆ మంచంలో ఉన్నది ఆమె అత్త భాగ్యమ్మ. డైపర్ మార్చి, గోరువెచ్చటి నీళ్లతో ఒళ్లు తుడిచి, ఎడమ పక్కకు తిప్పి వీపు వెనక దిండు పెట్టింది. పక్షవాతం వచ్చి మూడేళ్లయినా భాగ్యమ్మ ఒంటిమీద ఒక్క పుండు లేదు.

"ఇంక పో, మిగతావాళ్లు ఎదురుచూస్తా ఉంటారు," అంది భాగ్యమ్మ.

మిగతావాళ్లంటే పదిహేడు మంది. ఒక్కరూ సొంతంగా లేవలేరు. మార్కాపురంలో మంచాన పడ్డ ముసలివాళ్లను చూసుకునే ఈ ‘నెమ్మది నిలయం’ హోమ్ నడిపేది భాగ్యమ్మ చిన్నకొడుకు కృపాకర్. తెరిచిన కొత్తలో పగలు ముగ్గురు ఆయాలు ఉండేవాళ్లు. ఇద్దరు మానేసి మూడు నెలలైంది, మిగిలింది రేచల్ ఒక్కతే. వాళ్ల చోట ఎవరినీ పెట్టలేదు. ఎందుకు పెడతాడు, వదిన ఉందిగా! ఇంటి కోడలికి అలుపు రాదని ఇంటిల్లిపాదికీ గట్టి నమ్మకం.

కదల్లేనివాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే ఒళ్లు ఒత్తుకుపోయి పుండ్లు పడతాయి. ఒక్కొక్కరికి పావుగంట పడుతుంది. ఒకటో మంచం దగ్గర బయల్దేరిన మనిషి పద్దెనిమిదో మంచం చేరేసరికి నాలుగు గంటలు దాటుతుంది. ఆ చివరి మంచం బేస్తవారిపేట వెంకటసుబ్బులమ్మది. నిన్న తిప్పినప్పుడు ఆమె నడుం కింద పుండు కనిపించింది. డాక్టరు వచ్చి కట్టు కట్టాడు. రేచల్ ఆమె కూతురు హేమలతకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఏడున్నరకు కృపాకర్ చార్టు కాగితాలు పట్టుకుని వచ్చాడు. వెనకే అతని అన్న పాల్ రాజు, అంటే రేచల్ మొగుడు, ఆటోలోంచి పాలక్యాను దించుకుని వచ్చాడు.

"వదినా, మధ్యాన్నం హేమలతమ్మ వస్తా ఉంది. ఈ పది దినాలూ రెండు గంటలకోసారి తిప్పినట్టు సంతకాలు పెట్టు."

"తిప్పలేదు గదా, కృపాకరా."

"ఆ మాట రాస్తే హోమ్ మూసుకోవాల్సిందే!"

"మూస్తావో, మనుషుల్ని పెడతావో నీ ఇష్టం. చెయ్యని పనికి నేను సంతకం పెట్టను."

పాల్ రాజు క్యాను కింద పెట్టాడు. "సొంతోళ్ల కాడ ఈ మొండితనం ఏంది, రేచల్? మా అమ్మను వాడే చూసుకుంటా ఉండాడు. ఆ నాలుగు సంతకాలు పెడితే పోయేదేముంది?"

"చూసుకుంటా ఉండేది వాడు కాదయ్యా, నేను. ఆ పెద్దమ్మ కట్టు మార్చేటప్పుడు వచ్చి పక్కన నిలబడు. పోయేదేందో అప్పుడు చెప్పు."

కృపాకర్ మొహం ఎర్రబడింది. "చేతగాక మనుషులు లేరంటా ఉండావు. అమ్మను చూడు! ఇదే హోమ్, ఇదే పరుపు, ఇదే ఆయా. అమ్మకు రాని పుండు ఆమెకు ఎట్ల వచ్చింది? సంతకం పెట్టకపోతే రేపట్నుంచి పనిలోకి రావద్దు!"

రేచల్ చివరి మంచం వైపు చూసింది. ఆ ప్రశ్న సూటిగా తగిలింది. రోజూ మొదలుపెట్టేది అత్తతోనే. మధ్యలో రెండుసార్లు పరుగున వచ్చి అత్తను తిప్పి పోయేది. ఆ పావుగంటలు చివరి మంచానివే కదా!

"అందులో నా తప్పూ ఒకటుంది," అంది. "రేపట్నుంచి ఆ పెద్దమ్మతో మొదలుపెడతా. అత్తది ఆఖరు."

అనేసి, భయంభయంగా అత్త వైపు చూసింది.

"రేపటిదాకా ఎందుకు?" అంది భాగ్యమ్మ. "నన్ను ఇప్పుడే ఆ చివరికి తొయ్."

"అమ్మా! నీకేమన్నా పిచ్చా?" అని అరిచాడు కృపాకర్.

"ఒరే కృపా! కొనకనమిట్లలో ముప్పై ఏండ్లు మిరప కోతల ముఠా నడిపినాను. పదిమంది చేసే కోతకు ముగ్గుర్ని తీసుకరమ్మంటే ఏ రైతుకూ ఒప్పుకోలేదు. నా ఆడోళ్ల నడుములు పోతాయి, కాయ చెట్టునే ఎండిపోతాది. ఆ కూలి తిండితో పెరిగినోడివి, నీకు తెలీదా? ఈ పూట నా పక్కన కూచో. రేచల్ నా కాడికి ఎప్పుడొస్తాదో నువ్వే చూడు."

రేచల్ చక్రాల బ్రేకులు వదిలి రెండు మంచాలనూ మార్చేసింది. ఎనిమిదింటికి వెంకటసుబ్బులమ్మతో మళ్లీ మొదలుపెట్టింది. కృపాకర్ స్టూలు లాక్కుని తల్లి దగ్గర కూర్చున్నాడు.

తొమ్మిదయింది. పదయింది. భాగ్యమ్మ డైపర్ తడిసి వాసన వస్తోంది. పదకొండు కావస్తుండగా భాగ్యమ్మ పళ్లు బిగించి మూలగసాగింది. ఆ మూలుగు వినపడుతుంటే రేచల్ కాళ్లు అటే లాగాయి. కళ్లు తుడుచుకుని పన్నెండో మంచం దగ్గరే ఉండిపోయింది.

కృపాకర్ ఇక ఓర్చుకోలేక తల్లిని తిప్పబోయాడు. ఒత్తుకుపోయిన తుంటి ఎర్రగా కందిపోయి ఉంది. భాగ్యమ్మ బాగున్న చేత్తో అతని చెయ్యి నెట్టేసింది.

"తాకొద్దు. నా ముందు ఇంకా ఐదుగురుండారు. వాళ్లూ ఎవురో ఒకరి అమ్మలే."

కృపాకర్ చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. తరవాత లేచి, చొక్కా చేతులు మడిచి పదమూడో మంచం దగ్గరికి నడిచాడు.

"ఎట్ల తిప్పాలో చెప్పు, వదినా."

పాల్ రాజు వేడినీళ్ల బకెట్టు తెచ్చి తమ్ముడికి ఎదురుగా నిలబడ్డాడు.

హేమలత వచ్చేసరికి ఒంటిగంట దాటింది. కృపాకర్ సంతకాలు లేని చార్టు ఆమె చేతిలో పెట్టాడు. "చెయ్యాల్సినంత మందిని నేను పెట్టలేదమ్మా. తప్పు నాది, మా వదినది కాదు. ఇద్దరు ఆయాలకు ఫోన్ చేసినాను. రేపొకరు, సోమవారం ఇంకొకరు వస్తారు."

హేమలత తల్లి కట్టు చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. "సోమవారం నేనూ వస్తాను. వాళ్లను కళ్లారా చూసినాకే మా అమ్మను ఈడ ఉంచేదీ లేందీ చెప్తా," అంది.

సాయంత్రం కృపాకర్ తల్లి మంచాన్ని మళ్లీ ముందుకు తోయబోయాడు.

"ఆ బ్రేకులు ముట్టుకోవద్దు," అంది భాగ్యమ్మ. "ఆ ఇద్దరూ వచ్చి పనిలో చేరిందాకా నేను ఈడనే ఉంటా."