ప్రెస్సు షెడ్డులో వంగే షాఫ్టు

మా వర్క్‌షాపు వెనక, వంగిన ఇనుము నొక్కి సరిచేసే ప్రెస్సు షెడ్డు ఉందే... చీకటి పడితే అటు వెళ్లడానికి ఎవడికీ గుండె చాలదు. యాసిడ్ పంపులో తిరిగే కడ్డీని, అదే షాఫ్టుని, సాయంత్రం అక్కడ తిన్నగా చేసి పెడితే, పొద్దుటికి మళ్లీ వంకర! వాచ్‌మన్‌కి రాత్రి లోపల్నించి టిక్... టిక్... మని వినపడిందట. మర్నాటి నుంచి వాడు డ్యూటీకే రాలేదు. నవ్వకండి. నేనూ మొదట్లో నవ్వినవాణ్ణే.

వంచేది సూటిమేస్త్రి అని చెప్పుకుంటారు. బతికున్నంతకాలం వంగిన షాఫ్టుల్ని తిన్నగా చేసిన మనిషి. చచ్చాక వంచుతున్నాడట పాపం!

అసలు జరిగింది వినండి. తుప్పు పట్టని మిశ్రలోహపు షాఫ్టు ఒకటి వంగి వచ్చింది. మనిషంత పొడవు. మేస్త్రి సాయంత్రం ఉబ్బున్న చోట మంటపెట్టి కాల్చి, నిప్పుకి అంటుకోని దుప్పటి కప్పి, "పొద్దుట చూసుకోండి" అని ఇంటికి పోయాడు. పొద్దుట మేనేజరు ముందు చూస్తే అది రెండోవైపుకి వంగి ఉంది.

"నేను సరిగ్గానే వదిలాను బాబూ... ఎవరో ముట్టుకున్నారు" అన్నాడు మేస్త్రి.

వింటే కదా! కళ్లు ఆనడం లేదు, పైగా అబద్ధాలా అని అందరి ముందూ కడిగేసి పంపేశారు. ముప్పై ఏళ్ల పేరు గంగలో కలిసింది. ఎవరో ముట్టుకున్నారు, ఎవరో ముట్టుకున్నారు అంటూనే ఏడాది తిరక్కుండా పోయాడు. ఇప్పటికీ తలుచుకుంటే నా ఒళ్లు మండుతుంది.

ఆయన అల్లుడు కూడా మా ఫిట్టరే. మామూలు ఇనుప షాఫ్టులే చేసినవాడు. మొన్న అలాంటిదే ఇంకోటి వస్తే, ఆ పని అతని నెత్తిన పడింది. భార్య, అంటే మేస్త్రి కూతురు, ఒకటే మాట అందట.

"రాత్రంతా అక్కడే కూర్చోండి. మీరూ ముట్టుకోకండి. ఎవరు ముట్టుకుంటున్నారో చూడండి. మా నాన్న అబద్ధాలకోరు కాదని తేలాలి."

సరే, మామ చేసినట్టే కాల్చాడు. దుప్పటి కప్పాడు. షాఫ్టుకి డయల్ ఆనించాడు. వెంట్రుకవాసి వంకరున్నా దాని ముల్లు చెప్పేస్తుంది. తలుపేసుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

తొమ్మిదింటికి ముల్లు సున్నాకి ముప్పై గీతల దూరంలో ఉంది. పదింటికి...

టిక్.

ముల్లు ఒక గీత జరిగింది!

గాలి లేదు. మనిషి లేడు. అతని చేతులు అతని ఒళ్లోనే ఉన్నాయి... మళ్లీ జరిగింది.

"మావయ్యా..." అన్నాడు గుసగుసగా.

ఇంకో గీత... ఇంకో గీత... అలా బిగుసుకుపోయి కూర్చున్నాడు. తెల్లవారుజామున ముల్లు సున్నా దగ్గరికొచ్చి ఆగింది. దుప్పటి కింద చెయ్యి పెడితే లోహం చల్లగా ఉంది. తిప్పి చూశాడు — ఎక్కడా వంకర లేదు.

మర్నాడు క్యాంటీన్ వెనక ఇదంతా నాతో చెప్పి, బావురుమన్నాడు.

"ఏడుస్తావేంట్రా? దెయ్యమూ లేదు, గాడిదగుడ్డూ లేదు! నువ్వు చెప్పింది వింటే ఇప్పుడు తెలుస్తోంది, ఆ లోహం నిదానంగా చల్లారుతుంది, చల్లారుతూ తనే తిన్నగా అవుతుంది. ఆ లెక్క తెలిసే మేస్త్రి వంకరుండగానే వదిలేసి వెళ్లాడు. వేడి మీద తొందరపడి నొక్కితే పొద్దుటికి రెండోవైపుకి వంగక ఏం చేస్తుంది?"

"అదే కదన్నా... ఆ రోజు మావయ్య ఇంటికెళ్లాక, షిఫ్టు దిగేముందు దుప్పటి ఎత్తి చూశాను. వంకర కనపడింది. మావయ్యకి చూపు తగ్గింది, పొద్దుట పరువు పోతుందని... నేనే ప్రెస్సులో పెట్టి నొక్కేశాను."

నేను చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాను.

"తిన్నగా చేసింది మళ్లీ ఎలా వంగిందో అర్థం కాలేదన్నా. ముట్టుకున్నానంటే నన్నూ పంపేస్తారని నోరు మూసుకున్నాను."

"ఛీ! ఇప్పుడైనా వెళ్లి చెప్పు. ముందు మీ ఆవిడకి చెప్పు."

తల అడ్డంగా ఊపాడు.

"పొద్దున గడప తొక్కానో లేదో అడిగిందన్నా... రాత్రి ఎవరొచ్చారని."

"ఏం చెప్పావ్?"



"మీ నాన్నే వచ్చాడని చెప్పాను."