రాయి పెట్టిన కుప్ప

గోదావరి పొంగి మంగపేట ఇండ్లలో నడుములోతు నీళ్లు నిలిచిన ఏడు అది. వరద తీసిన నాలుగు నెలలకు ములుగు అవతల ఒక కూపు, అంటే నరకడానికి హద్దులు గీసిన అడవి ముక్క, నరికారు. పనికొచ్చే దుంగలన్నీ లారీలెక్కి పోయాయి. కొమ్మలు, కొసలు, వంకర ముక్కలు అక్కడే పడి ఉన్నాయి. ఆ మిగిలిన కట్టె ఎంతుందో కొలుచుకు రమ్మని వరంగల్ అటవీ ఆఫీసు నుంచి ప్రభుదాసును పంపారు. లెక్క తేలితే దాన్ని వేలం వేస్తారు.

ప్రభుదాసుకు అప్పటికి ముప్పై ఎనిమిదేండ్లు. పదకొండేండ్లుగా అదే పని. చీకటితో వరంగల్‌లో బస్సెక్కడం, అడవిలో దిగడం, టేపు పట్టుకొని వంగడం, లేవడం, మళ్లీ వంగడం. మాట తక్కువ మనిషి. పెండ్లి మాట ఎత్తితే "చూద్దాం" అనేవాడు. అట్లా చూద్దాం చూద్దాం అనగా అనగా అడిగేవాళ్లే మానుకున్నారు.

ఆ ఏడే ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. దానికి ఒక గది, గదికి ఒక ఏసీ. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. లోపల ఆకుపచ్చ అక్షరాల ముందు లిదియా కూర్చునేది. కాశిబుగ్గలో మగ్గం నేసే కృపమ్మ బిడ్డ. తండ్రి పోయాక ఇద్దరు తమ్ముళ్లను చదివించే పనిలో పడి, తనకు ముప్పై దాటిన సంగతి ఆలస్యంగా చూసుకుంది.

పని పద్ధతి ఇది. కూపులో నలభై చోట్ల తాడు పట్టి చదరాలు గీయాలి. చదరంలో పడ్డ ప్రతి ముక్క పొడవు, చుట్టుకొలత రాయాలి. ఆ నలభై కాగితాలు ఇస్తే, మొత్తం కూపులో ఎంత కట్టె ఉందో మిషన్ చెబుతుంది.

కాగితాలు ఇచ్చిన మర్నాడే లిదియా అతన్ని పిలిపించింది.

"ప్రభుదాసు మీరేనా? లోపలికి రాండ్రి. చెప్పులు ఇడువుండ్రి."

"ఇడిచిన."

"మరి ఆ బురద?"

అతను కాళ్లు చూసుకున్నాడు. మోకాళ్ల దాకా అడవే ఉంది. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"సరే, ఆడనే నిలవడుండ్రి. ఈ తొమ్మిది చదరాలల్ల సున్నా పెట్టిన్రు. చుట్టూత కట్టె ఉంది, నడుమ సున్నా ఎట్లొస్తది? అలిసిపోయి చెట్టు కింద కూసున్నరా?"

"లేదు."

"మరి ఆడ కట్టె లేదా?"

"ఉంది."

"ఉందా! మరి సున్నా ఏంది?"

"మిగిలింది లేదు."

లిదియా కుర్చీలో వెనక్కి వాలింది. "ఉంది గని మిగల్లేదు. సార్, నాకు తలకాయ నొస్తాంది. జర తెలుగుల చెప్పుండ్రి."

రెండు ముక్కల్లో చెప్పొచ్చు. కానీ అతను నాలుగింటికి లేచిన మనిషి. ఆ రెండు ముక్కలకు కూడా ఓపిక లేదు.

"చెప్తే తెల్వది. చూడాలె" అని వెళ్లిపోయాడు.

తెలియదన్న మాట లిదియాకు చురుక్కున తగిలింది. కాగితాలు తీసుకెళ్లి ఆఫీసరు రాజేశ్వర్ రావు ముందు పెట్టింది. ఆయన మధ్యాహ్నం ఇద్దర్నీ నిలబెట్టాడు.

"పోకుండనే సున్నాలు పెట్టినవా దాసూ? రేపు సాయంత్రం లోపల సరిచెయ్యి. లేకుంటే నిన్ను వేరే జిల్లాకు తోల్త. ఆడ పెట్టుకో సున్నాలు. లేదా ఎందుకమ్మా ఈ లొల్లి, ఆ తొమ్మిదింట్ల సగటు కొట్టెయ్."

"ఒక్క మీట సార్, అయిపోతది" అంది లిదియా.

"వద్దు" అన్నాడు ప్రభుదాసు. "సగటు పెడితే అవి గూడ వేలంల పోతయ్. అవి మొగిలమ్మ వాళ్లవి. నన్ను పంపితే పంపుండ్రి."

అంత పొడుగు మాట అతని నోటి నుంచి ఆ ఆఫీసులో ఎవరూ వినలేదు. బయటికి వచ్చాక లిదియా వెంటపడింది.

"మొగిలమ్మ ఎవరు?"

"ఆ ఊరామె."

"ఆమె కోసం నౌకరి మీదికి తెచ్చుకుంటాన్రు."

"డెబ్బై ఏండ్ల ముసలామె."

"ఓ" అంది లిదియా. ఎందుకో ఆ 'ఓ'లో కొంచెం తేలిక వినిపించింది. "అయితే రేపు నేనొస్త. చూడాలె అన్నరు గద. చూస్త."

మర్నాడు ముసురు. బస్సు దిగి రెండు మైళ్లు నడవాలి. మైలు కూడా నడవకముందే లిదియా చెప్పు తెగింది. ప్రభుదాసు కింద కూర్చుని, చదరాలు గీసే తాడులోంచి ఒక మూర కోసి చెప్పుకు కట్టాడు.

"పాదం గూడ కొలిచి రాసుకుంటరా?" అంది లిదియా.

"అవసరం లేదు" అన్నాడు. తల ఎత్తలేదు కానీ చెవులు ఎర్రబడ్డాయి. చినుకుల్లో కూడా అది కనిపించింది.

కూపులోకి పోయేసరికి లిదియా ఆగిపోయింది. మొద్దుల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి కట్టెకుప్పలు. ఒక్కో కుప్ప మీద ఒక్కో రాయి. ఒక కుప్ప పక్కన ముసలామె కొడవలి పట్టుకొని నిలబడి ఉంది.

"ఏం బిడ్డా దాసూ, పెండ్లాన్ని తోలుకొచ్చినవా?"

"కంప్యూటర్ మేడం."

"అదెక్కడుంది? కాజీపేట దిక్కా?"

లిదియా పకపకా నవ్వింది. "అవ్వా, ఈ రాళ్లేంది?"

మొగిలమ్మ ఆమెను జాలిగా చూసింది. "రాయి పెట్టినంక ఆ కుప్ప ఒకరిదన్నట్టు బిడ్డా. ఎండేదాకా ఆడనే ఉంటది. ఎవ్వరు ముట్టరు. పెట్టినోళ్లే తియ్యాలె. ఇంకోలు తీస్తే దొంగతనం. మా అవ్వ కాలం నుంచి ఇంతే."

లిదియా ప్రభుదాసు వైపు తిరిగింది. "ఇదా సున్నా?"

"ఒకరిది మిగులు ఎట్లయితది?" అన్నాడు.

ఆమె కొంగు నడుముకు బిగించి, "టేపు ఇయ్యుండ్రి" అంది. "కొలుద్దాం. కట్టె ఉంది గాబట్టి రాస్త. మిగల్లేదు గాబట్టి వేరే వరుసల రాస్త. మిషన్‌కు మనం ఎట్ల చెప్తే అట్ల ఇంటది."

తొమ్మిది చదరాలూ ఇద్దరూ వంగి కొలిచారు. మధ్యాహ్నం దాటేసరికి లిదియా నడుము పట్టుకొని మొద్దు మీద కూలబడింది.

"రోజూ ఇదేనా?"

"రోజూ."

"పదకొండేండ్లా?"

"ఆ."

"మీ మీద ఎవరన్న రాయి పెట్టిన్రా?"

ప్రభుదాసు టేపు చుడుతూ చుడుతూ ఆగిపోయాడు. "లేదు" అన్నాడు. "ఊకెనే ఎండుతాన."

మొగిలమ్మ వింటూనే ఉంది. పోయేటప్పుడు అరచేతిలో పట్టేంత నున్నటి రాయి ఒకటి ఏరి లిదియా చేతిలో పెట్టింది. "ఉంచుకో బిడ్డా. పట్నంల గూడ పనికొస్తది."

ఆఫీసుకు చేరేసరికి అయిదు దాటింది. లిదియా లెక్కలన్నీ గబగబా మిషన్‌లో కొట్టింది. రాజేశ్వర్ రావు కాగితం చూసి కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఈ రెండో వరుసేంది? 'రాయి ఉన్నది' ఏంది?"

"కొలిచినం సార్. ఉన్నది ఉన్నట్టు రాసినం. అది మనుషులది, వేలం లెక్కల కలుపలే."

"అడవి సర్కారుది గదమ్మా."

"ఎండకాలం అడవి అంటుకుంటే ఆర్పేది వాళ్లే గద సార్. అప్పుడు వాళ్లది, కట్టె కాడికి వస్తె సర్కారుదా?"

ఆయన ఇద్దరి బురద కాళ్ల వైపు చూశాడు. ఆయన కూడా అలిసిన మనిషే. "మంచి కాపీ తీసుకురా. సంతకం పెడ్త. దాసూ, నువ్వు ఈ జిల్లాలనే ఉండు" అన్నాడు.

ప్రింటర్ కీచుమంటూ అటూ ఇటూ పోతుంటే, బయట బెంచీ మీద ప్రభుదాసు గోడకు ఆనుకొని కూర్చున్నాడు. అట్లనే కన్నంటుకుంది.

కళ్లు తెరిచేసరికి ప్రింటర్ ఆగిపోయింది. గది ముందు తాడు కట్టిన చెప్పులు లేవు. పక్కన తన సంచి ఉంది. సంచి మీద నున్నటి రాయి ఉంది.

అతను చాలాసేపు దాన్ని చూశాడు. సంచిలో టిఫిను గిన్నె ఉంది, బస్సు పాసు ఉంది. తెరవలేదు. పళ్లెం పట్టినట్టు సంచిని రెండు చేతుల మీద పట్టుకొని, రాయి కదలకుండా ఇంటిదాకా నడిచాడు. దారిలో ఒకరిద్దరు ఏందన్నా అది అని అడిగారు. అతను ఆగలేదు.

తెల్లారి అతను ములుగు బస్సెక్కలేదు. పదకొండేండ్లలో అదే మొదలు. గడ్డం గీసుకున్నాడు. ఉతికిన అంగీ తొడుక్కున్నాడు. సంచిని మళ్లీ అట్లనే రెండు చేతుల మీద పెట్టుకొని కాశిబుగ్గకు నడిచి, కృపమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు. మగ్గం చప్పుడు ఆగింది.

"వందనాలమ్మా."

"వందనాలు. ఎవరు నాయనా? సంచి మీద ఆ రాయేంది?"

"మీ బిడ్డ పెట్టింది" అన్నాడు ప్రభుదాసు. తలుపు వెనుక గాజులు గలగలమన్నాయి. "ఎప్పటికీ తియ్యొద్దని అడిగిపోదామని వచ్చిన."