జాబితాలో మొదటి పేరు

ఆదివారం ఉదయం 7:10. కనుమ దారిలో మంచు తోసే బండి డ్రైవర్ లోయలోకి తొంగి చూశాడు.

నలభై అడుగుల కింద తెల్లటి మంచు మీద ఎర్ర ఉన్ని టోపీ. దాని పక్కన మనిషి.

చనిపోయినది కొమియామా. అరవై మూడేళ్లు. కింద ఊళ్లో నూడుల్స్ హోటల్ ఆయనది. ఆయన పాత రోడ్‌స్టర్, రెండు సీట్ల ఆకుపచ్చ బండి, మలుపుకి ఇరవై గజాల అవతల వ్యూపాయింట్ దగ్గర తెల్లగీతల మధ్య పద్ధతిగా ఆగి ఉంది. పైకప్పు తీసే ఉంది. ఫిబ్రవరి, మైనస్ పదకొండు డిగ్రీలు. ఆ చలిలోనూ కప్పు తీసి తిరగడం ఆ బండ్ల మనుషులకు మామూలే.

స్థానిక పోలీసుల రిపోర్ట్ ఒకటే పేజీ. సూర్యోదయం ఫొటో కోసం దిగాడు. అంచున జారాడు. ప్రమాదం.

చివర సార్జెంట్ ఓగుచి ఒక వాక్యం రాశాడు. వెనక చక్రాలు చలికి బిగుసుకుపోవడంతో బండిని లాగడం గంట ఆలస్యమైంది, వేడినీళ్లు పోయాల్సి వచ్చింది.

సోమవారం జిల్లా కేంద్రం నుంచి ఇన్‌స్పెక్టర్ కానో వచ్చింది. నలభై ఆరేళ్ల మనిషి. ఎవరితోనూ కలిసి భోంచెయ్యదు. మనుషులు చెప్పేది తక్కువగా, చెప్పేటప్పుడు వాళ్ల చేతులేం చేస్తున్నాయో ఎక్కువగా చూస్తుంది. ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివింది. డాక్టర్ రిపోర్ట్ కూడా చదివి, మడిచి, కోటు జేబులో పెట్టుకుంది. అందులో ఏముందో ఓగుచికి చెప్పలేదు. కొమియామా భార్యకీ చెప్పలేదు.

తర్వాత ఒకే ప్రశ్న అడిగింది. ఈయన పోతే ఎవరికి లాభం?

జవాబు ఊరంతటికీ తెలుసు.

ఆ బండి చేసే కంపెనీదే కొత్త రోడ్‌స్టర్ రాబోతోంది. వచ్చే ఏడాది నుంచి పొగ మీద, శబ్దం మీద కొత్త నిబంధనలు. పెట్రోలు ఇంజను, చేత్తో గేరు మార్చే బండి ఇక ఉండదు. ఇదే ఆఖరుది. మొదటి విడతలో దేశంలోని ఒక్కో రోడ్‌స్టర్ క్లబ్బుకి ఒక్కటే ఇస్తారు. గురువారం సాయంత్రం ఐదు లోపు క్లబ్బు ఒక పేరు పంపాలి. ఆ పేరు మనిషితోనే పోతుంది, భార్యాబిడ్డలకు రాదు.

ఈ ఊరి క్లబ్బులో నలుగురే. చీటీలు వేసుకున్నారు. మొదటి పేరు కొమియామా. రెండోది మియోషి, కళ్లజోళ్ల షాపు. మూడోది యనాగిసావా, రిటైరైన టీచరు, క్లబ్బు సెక్రటరీ. నాలుగోది కురాషినా, ఆపిల్ తోట ఆవిడ.

మంగళవారం ముగ్గురినీ విడివిడిగా పిలిచింది కానో.

యనాగిసావా ఇంట్లోనే ఉన్నానన్నాడు. భార్య సాక్షి అన్నాడు. అడగ్గా, ఆ వేళకి ఆవిడ నిద్రపోతోందని ఒప్పుకున్నాడు.

"కొమియామా పోయాక జాబితాలో మీరెక్కడ?"

"మూడు నుంచి రెండుకి వచ్చాను, మేడమ్."

ఆలోచించకుండా చెప్పాడు. లెక్క ముందే అయిపోయిందన్నమాట, అనుకుంది కానో.

కురాషినా ఆరింటికే తోటలో కొమ్మలు కత్తిరిస్తున్నానంది.

"ఎవరైనా చూశారా?"

"కాకులు చూశాయి. పిలిపిస్తారా?"

కొమియామా ఎలాంటి మనిషని అడిగితే, మనసు మంచిదే, నోరే చెడ్డదంది. మియోషిది దక్షిణాన, మంచు పడని కమలాతోటల ఊరు. ఇక్కడికొచ్చి పన్నెండేళ్లయినా కొమియామా అతన్ని ఒక్కసారీ పేరుతో పిలవలేదు. కమలాపండూ అనే పిలిచేవాడు. అందరూ నవ్వేవాళ్లు.

"మియోషి?"

"అందరికంటే గట్టిగా నవ్వేవాడు."

మియోషికి యాభై రెండేళ్లు. శుభ్రమైన చేతులు. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లజోడు సరిగ్గా కూర్చుందా లేదా అని చూస్తాడు. ఆదివారం ఉదయం షాపు వెనక అద్దాలు అరగదీస్తున్నానన్నాడు.

"రెండో పేరు నాది, మేడమ్. ఆయన పోతే ముందు నన్నేగా అనుమానిస్తారు? నేనంత వెర్రివాడినా?"

"మొదటి పేరు కోసం మనిషి ఎంత వెర్రివాడవుతాడో నాకు తెలీదు. నాకు బండి లేదు."

గురువారం మధ్యాహ్నం మూడు గంటలు. ముగ్గురినీ కనుమ మీదికి రప్పించింది. కొమియామా బండిని మలుపు దగ్గర రోడ్డు మధ్యలో నిలబెట్టించింది. కప్పు తీసే ఉంది. పరీక్ష చిన్నదని చెప్పింది. మలుపు నుంచి వ్యూపాయింట్ దాకా నడిపి, గీతల మధ్య ఆపి, దిగాలి. ఎన్ని సెకన్లు పడుతుందో కావాలి.

ఓగుచి చేతిలో స్టాప్‌వాచ్. అందరి చూపూ దాని మీదే.

యనాగిసావా ముప్పై ఒక్క సెకన్లు. కురాషినా ఇరవై ఎనిమిది. ఇద్దరూ ఇంజను ఆపి, గేర్‌లో వదిలి, తలుపు తీసుకుని దిగారు. కానో పక్క సీట్లో కూర్చుంది.

మూడోవాడు మియోషి. బండి పది గజాలు కదిలాక కానో నోరు విప్పింది.

"డాక్టర్ రిపోర్ట్ మీకు చెప్పలేదు కదా. కొమియామా పడగానే పోలేదు. నలభై నిమిషాలు బతికున్నాడు. మంచులో వేళ్లతో ఎక్కడానికి చూశాడు. గోళ్లు లేవు. ఏడింటికి పోయాడు. మంచు బండి ఏడూ పదికి వచ్చింది."

ఆ మాటల్ని ఆమె మూడు రోజులు జేబులో దాచింది. ఇలా వాడటానికే. అది తనకీ తెలుసు. చెబుతున్నప్పుడు గొంతు మామూలుగా ఉండటం చూసి ఒక్క క్షణం తనని తాను దూరం నుంచి చూసుకుంది. తర్వాత మళ్లీ అతని చేతుల వైపు చూసింది.

బండి గీతల మధ్య ఆగింది. మియోషి ఇంజను ఆపాడు. ఎడమచెయ్యి సీట్ల మధ్యకి పోయింది.

కర్‌ర్‌మని శబ్దం.

"నలభై సెకన్లు, ఇంకా దిగలేదు," అన్నాడు ఓగుచి.

"ఇక్కడికొచ్చి ఎన్నేళ్లయింది, మియోషి గారూ?" అడిగింది కానో.

"పన్నెండు."

"మీ చెయ్యి చూసుకోండి."

చూసుకున్నాడు. వేళ్లు హ్యాండ్‌బ్రేక్ చుట్టూ ఉన్నాయి. చాలాసేపు వాటిని వేరే ఎవరివో అన్నట్టు చూశాడు.

కానో దిగి మిగిలిన వాళ్లకి చెప్పింది. చెప్పాల్సింది ఎక్కువ లేదు. ఈ కనుమ కింద ఊళ్లలో చలికాలం ఎవరూ హ్యాండ్‌బ్రేక్ లాగరు. దాని తీగలోకి నీరు దిగి గడ్డకడుతుంది, చక్రాలు పట్టేస్తాయి. గేర్‌లో వదిలేస్తారు. చలికి బిగుసుకుంటే నాలుగు చక్రాలూ బిగుసుకోవాలి. రిపోర్ట్‌లో ఉన్నది వెనకవి రెండే. హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. కొమియామా ఇక్కడే పుట్టాడు. నలభై చలికాలాలు ఇక్కడే నడిపాడు. అంటే ఆ బండిని ఇక్కడ ఆపింది ఆయన కాదు.

ఓగుచి తల దించుకున్నాడు. తనకీ తెలిసిన సంగతే. అంతగా తెలిసినది కాబట్టే రాసి కూడా చూడలేదు.

"మియోషికీ తెలుసే," అంది కురాషినా. "కొత్తవాళ్లకి ఆయనే నేర్పుతాడు."

"తెలిసింది తలకి. భయం వేస్తే చెయ్యి పుట్టిన ఊరికి పోతుంది. అయినా ఇది కోర్టులో నిలబడదు. ఆయన నోరు మూసుకుంటే నా దగ్గరేమీ లేదు."

మియోషి నోరు మూసుకోలేదు. సీట్లోంచి లేవకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. ఆదివారం 6:15కి మలుపులో చెయ్యెత్తి కొమియామా బండిని ఆపాడు. మొదటి పేరు వదులుకోమని అడిగాడు. మోకాళ్ల మీద కూర్చుని కూడా అడిగాడు. కొమియామా అంచున నిలబడి నవ్వాడు. కొత్త బండి రాగానే పక్కన కూర్చోబెట్టుకుని తిప్పుతాలే కమలాపండూ, ఏదీ ముట్టుకోకుండా కూర్చుంటేనే, అన్నాడు. మొదటి చలికాలం మియోషి బండి ఇదే చోట బ్రేకు పట్టేసి ఇరుక్కుపోయింది. ఆ పేరు పుట్టింది ఆ రోజే.

తోశాడు. రోడ్డు మధ్యలో బండి ఉంటే ఎవరి కోసమో ఆపాడని తెలిసిపోతుంది. అందుకే ఇక్కడికి తెచ్చి పెట్టాడు.

"కింద నుంచి పిలిచాడా?" అడిగింది కానో.

"పిలిచాడు."

"ఏమని?"

"మియోషీ అని. మొదటిసారి." కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "నేను నడిచి వెళ్లిపోయేలోపు ఆ పిలుపు ఆగింది. ఆగిందంటే పోయాడనుకున్నాను."

3:50. ఓగుచి అతని చేతులకి బేడీలు వేశాడు.

అప్పుడు యనాగిసావా ముందుకొచ్చాడు. నడుం వంచి నమస్కరించాడు. లోపలి జేబులోంచి ఒక కవరు తీశాడు.

"క్షమించాలి, మేడమ్. చిన్న పని. మియోషి గారు సంతకం పెట్టే స్థితిలోనే ఉన్నారు కదా? జాబితా నుంచి తన పేరు వెనక్కి తీసుకుంటున్నట్టు. ఐదు లోపు పంపాలి."

కానో కాగితం అందుకుంది. టైపు చేసిన కాగితం. మియోషి పూర్తి పేరు, చిరునామా, అన్నీ ఉన్నాయి. సంతకానికి ఖాళీ. పైన తేదీ ఆదివారానిది.

"ఇది ఎప్పుడు తయారుచేశారు?"

"బండిని లాగుతున్నప్పుడు నేనూ ఇక్కడే ఉన్నాను. బ్రేకు లాగి ఉండటం చూశాను." టీచరు గొంతులో సిగ్గు లేదు, గర్వమూ లేదు. "మీరు పట్టుకోకపోతే ఈ సాయంత్రం నేనే ఆయన్ని అడిగేవాణ్ణి. కాదనేవారు కాదు."

"నాలుగు రోజులు మాతో ఒక్క మాట అనలేదు."

"మీరు అడిగింది నేనెక్కడున్నానని, మేడమ్."

మియోషి బేడీల చేతులు చాచాడు. పెన్ను తీసుకుని, బానెట్ మీద కాగితం పెట్టి, నెమ్మదిగా, అందంగా సంతకం పెట్టాడు. యనాగిసావా సిరా ఆరేదాకా ఊది, కాగితం మడిచి, ఫోన్ సిగ్నల్ కోసం మలుపు వైపు నడిచాడు.

కురాషినా అతని వీపు వైపు చూస్తూ నిలబడింది. తర్వాత కానో దగ్గరికొచ్చింది. చాలా మెల్లగా అడిగింది.

"హత్య సంగతి తెలిసి దాచిపెట్టడం కూడా నేరమే కదా, మేడమ్? ఐదింటి లోపు అరెస్టు చెయ్యొచ్చా?"